1174వ సర్వీసు ఈగ

ఫోనులో అవతలివాళ్ళన్నది ఒకటి, రత్నం చెవిన పడింది ఇంకొకటి.

“మీవారి దగ్గర పదకొండు వేల ఈగలున్నాయని తెలిసిందండి. రేపు పొద్దున్నే వ్యాను తెస్తాం. పెట్టెల్లో సర్దుకుని జాగ్రత్తగా పట్టుకెళ్తాం” అంది అవతల ఆడగొంతు, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాదకే రత్నం హడలిపోయింది. ఈగలు ఆవిడ చెవి దాకా వచ్చేసరికి నగలైపోయాయి. పదకొండు వేల నగలు! ఇంట్లో ఉన్నది మెడలో పుస్తెలతాడూ, పెట్టెలో ఓ జత దిద్దులూ. ఆ దిద్దులు తీసి బియ్యం డబ్బాలో అడుక్కంటా కుక్కి, వీధి తలుపు గడియ పెట్టి, కరెంటాఫీసులో ఉన్న మొగుడికి ఫోను చేసింది.

“ఏవండీ, రేపు ఇన్‌కంటాక్సువాళ్ళు వ్యానేసుకొస్తారంట. నాకు తెలీకుండా ఎవత్తికి చేయించారండీ అన్ని నగలు? నా ముక్కుపుడక అతికించుకురమ్మంటే ఏడాది నుంచీ తీరిక లేదు గానీ!”

సత్యలింగానికి సంగతి బోధపడ్డానికి రెండు నిమిషాలు పట్టింది, నవ్వు ఆగడానికి పది. “నగలు కాదే పిచ్చిమొహమా, ఈగలు! నా ఈగలు! కీటక దృష్టి కేంద్రంవాళ్ళు అడుగుతున్నారు!”

“ఈగలకి వ్యానెందుకండీ? బెల్లమ్ముక్క పెడితే అవే వెంటొస్తాయి కదా” అంది రత్నం, తేరుకుని.

పని లేనివాడు ఈగలు తోలుకుంటాడంటారు. ఈమని సత్యలింగం పని ఉండి కూడా ఈగల్ని తోలలేదు, పట్టాడు. గోపాలగట్టు కరెంటాఫీసులో మీటరు రీడరుగా పాతికేళ్ళ ఉద్యోగం. నెలకోసారి ఊళ్ళో ప్రతి అరుగూ ఎక్కాలి, మీటరు చూడాలి, అంకె రాసుకోవాలి. రాసుకున్నాక ఖాకీ చొక్కా జేబులోంచి వెడల్పు మూతి సీసా తీసి, గుమ్మం మీద వాలిన ఈగ మీద బోర్లించేవాడు. సీసా అడుగున సున్నంలాంటి పొర, ఆ పొర మీద గోళ్ళరంగు తుడిచే మందు నాలుగు చుక్కలు. అయిదు నిమిషాల్లో ఈగ హరీ. “బిల్లు ఇంటివాళ్ళకి, చెల్లింపు ఈగకి!” అని తనే నవ్వుకుని సైకిలెక్కేవాడు.

శాస్త్రంలో ఈగలది ద్విపక్ష జాతి. పక్షమంటే రెక్క. రెండే రెక్కలు గనక ద్విపక్షం. సత్యలింగం ఇంట్లో మాత్రం వ్యవహారమంతా ఏకపక్షం. ఫ్రిజ్జులో పై అర ఈగలది, కింది అర పెరుగుది. భోజనాల బల్ల మీద భూతద్దాలు, భోజనాలు నేల మీద. ఎవరైనా పొరపాటున “ఏంటండీ ఈ ఈగల గోల” అన్నారా, కూర్చోబెట్టి ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టి చూపించేవాడు. “ఇదిగో, మగ పచ్చ ఈగ. కళ్ళు రెండూ నడినెత్తిన కలిసిపోయాయి చూశారా? ఇది ఆడది, మధ్యన సందుంది. మగాడికి కళ్ళు నెత్తికెక్కుతాయండీ, ఏ జాతైనా అంతే!” అని ఇల్లెగిరిపోయేలా నవ్వేవాడు. రత్నం కాఫీ గ్లాసులు అక్కడ పెట్టి లోపలికి పోయేది. ఆ జోకు ఆవిడ వినడం ఎన్నోసారో ఆవిడకే తెలియదు.

అంత నవ్వులమనిషీ ఒక్క చీటీ దగ్గర మాత్రం నవ్వేవాడు కాదు. ప్రతి ఈగ వీపులోనూ సూది గుచ్చి, ఆ సూదికే కింద వేలిగోరంత చీటీ గుచ్చేవాడు. ఇంటి సర్వీసు నంబరు, తేదీ, ‘ఈ.స.’ అని తన పొడి అక్షరాలు. “చీటీ లేని ఈగ చచ్చిన ఈగ. చీటీ ఉన్న ఈగ సాక్ష్యం” అనేవాడు. అప్పటికది ఊరికే మాటవరసకన్న మాట.

మాటవరస మాట నిజమైంది కీటక దృష్టి కేంద్రంలో. ఆ కేంద్రాన్ని నడిపే డాక్టర్ కలిదిండి హైమ ముప్పయ్యయిదేళ్ళ మనిషి. మాటల్లో కామాలే గానీ ఫుల్‌స్టాపుండదు. ఫోనులో రత్నం గుండెలాగేసిన గొంతు ఆవిడదే. సత్యలింగం పెట్టెల్లోంచి ఒక ఈగ తీసి, యంత్రం బిగింపులో పెట్టి, దాని తల మీదికి సూదిమొనంత వెలుగు దించింది. 302వ సర్వీసు. ఆరేళ్ళ కిందటి మంగలిషాపు ఈగ.

తెర మీద చుక్కలు లేచాయి, ముగ్గు పెట్టడానికి ముందు వాకిట్లో పెట్టే చుక్కల్లాగ. చుక్కలు మెల్లిగా కలిశాయి. తిరిగే కుర్చీ వచ్చింది. అద్దం వచ్చింది. సబ్బు నురగలో ఒక గడ్డం వచ్చింది. తర్వాత దృశ్యమంతా గుండ్రంగా, గాజు లోంచి చూసినట్టు వంకరపోయింది. ఆ వంకర గుండ్రంలో ఆనపకాయంత ముక్కు, దాని మీద ఆబగా చూస్తున్న ఒక కన్ను.

“బాబోయ్, ఎవడండీ వీడు?” అన్నాడు సత్యలింగం.

“మీరే సార్, సీసా లోంచి చూస్తే అలాగే ఉంటారు, ఎండిపోయినా ఈగ కంట్లో రంగు చావదండి, చావుకి ముందు అరగంట చూసింది పొరలు పొరలుగా ఉండిపోతుంది, అంతకు ముందుది చెరిగిపోతుంది, మాకిన్నాళ్ళూ ఈగలు దొరక్క కాదు సార్, ఎక్కడ ఎప్పుడు పట్టారో చీటీ ఉన్నవి దొరక్క...”

సత్యలింగం ఆ తెర ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ నోట్లోకి ఈగ దూరినా తెలిసేది కాదు. తన పదకొండు వేల ఈగలూ పదకొండు వేల అరగంటలు. పాతికేళ్ళ గోపాలగట్టు సూదులకు గుచ్చుకుని తన అలమరలో ఉంది. అన్ని అరగంటల చివరా ఒకటే దృశ్యం: ఈమని సత్యలింగం మొహం.

“నాకైతే రాత్రిళ్ళు నిద్ర పట్టదు సార్” అంది హైమ. నాలుగో రోజునుంచి ఆ చివరి దృశ్యాలు తెర మీద వేయడం మానేసింది. అన్నిట్లోనూ ఉన్నదొకటేగా, టైము దండగ అంది.

ఊరికి ఈ కబురు తెలియడానికి ఒక పూట పట్టింది, ఊరు కేంద్రానికి ముసరడానికి ఒక గంట. మొదట్లో అంతా సరదాగానే నడిచింది. తొమ్మిదేళ్ళ కింద పోయిన పందెంకోడిని ఎవరు కోసుకు తిన్నదీ తేలింది, తిన్నవాడు ఈలోగా సర్పంచి కావడంతో కాస్త గొడవైంది. అన్నదమ్ముల గోడ తగాదాలో గట్టు జరిపింది తమ్ముడని తేలింది. ఒకాయన పెళ్ళాం మీద అనుమానంతో వచ్చి, తన ఇంటి ఈగ చూపించమని అడిగి, అందులో ఆవిడ ఒంటరిగా కూర్చుని ఏడుస్తూండడం చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. రానురాను జనం సత్యలింగాన్ని చూస్తే లేచి నిలబడ్డం మొదలెట్టారు. ఒకప్పుడు ‘ఈగల సత్యలింగం’ అన్నవాళ్ళు ‘సత్యలింగంగారు’ అన్నారు. “పేరులో సత్యం ఊరికే పెట్టారా మా నాన్న!” అని ఆయన ఛాతీ విరుచుకున్నాడు. ఈగ కంటి సాక్ష్యానికి చట్టంలో చోటు దొరికింది. కోర్టుకి పంపేముందు ఊరందరి ఎదుటా వేసి చూపించాలి, పట్టినవాడు లేచి నిలబడి “ఈగ నాది, చీటీ నాది” అనాలి. అంతే షరతు.

ఆ షరతు తెలుసుకునే వచ్చింది మాణిక్యం.

మాణిక్యం కాలవ లాకుల దగ్గర ఉండే జంతికల మంగతాయారుకి ఆడపడుచు. పదకొండేళ్ళుగా ఆవిడ కడుపులో ఒకటే మంట. “మా అమ్మ అచ్చియ్యమ్మ పొద్దున్న గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుందండి. చీకటి పడేసరికి పోయింది. మా వదినేదో పెట్టే ఉంటాది. నేనంటే అందరూ నన్నే తిట్టారు. ఆ రోజు ఈగ ఉందాండీ మీ దగ్గర? ఆషాఢం, శుక్రవారం. సర్వీసు నంబరు పదకొండొందల డెబ్బై నాలుగు.”

ఉంది. సత్యలింగం చెయ్యి పెట్టగానే దొరికింది. ఎందుకు దొరకదూ, ఆ ఈగ మామూలు ఈగ కాదు. దాని ఫోటోకి దేశమంతటి పోటీలో మొదటి బహుమతి వచ్చింది. పత్రిక అట్ట మీద అచ్చయింది. నెమలిపింఛం రంగు ఒళ్ళు, ఇటుకరంగు కళ్ళు, మీసంలో ప్రతి పోచా విడివిడిగా. ఆడ పచ్చ ఈగ.

చుక్కలు కలిశాయి. గిన్నెలో పెరుగన్నం. పక్కన తెల్లటి మాత్ర ముక్క. ఆకుపచ్చ గాజులున్న ఆడచెయ్యి గరిటె అడుగుతో ఆ మాత్రని పొడి చేసింది, పొడిని అన్నంలో కలిపింది. తర్వాత మంచం. తెల్లచీర. పళ్ళు లేని ఒక ముసలి నోరు, పిచ్చుకపిల్ల నోరులా తెరుచుకుంది. చెయ్యి ముద్ద పెట్టింది. ఒకటి, రెండు, మూడు. కాసేపటికి నోరు నమలడం ఆగింది. తల వాలింది.

మాణిక్యం ఘొల్లుమంది.

పోలీసులు మంగతాయారుని కేంద్రానికి తీసుకొచ్చి చూపించారు. మొదట “నేనెందుకు చంపుతానండీ” అంది. నెలనెలా మీటరు చూడ్డానికి వెళ్ళినప్పుడు సత్యలింగానికి ఉప్పూ అల్లమూ వేసిన మజ్జిగ ఇచ్చే మనిషి ఆవిడ. ఆయన వంక చూసింది. “అన్నయ్యగారండీ, మీరు చెప్పండి. మీరెరగరా నన్ను?”

సత్యలింగం నేల చూశాడు. “చీటీ అబద్ధమాడదమ్మా” అన్నాడు.

మంగతాయారు మళ్ళీ తెర చూసింది. ఆకుపచ్చ గాజులు చూసింది, అలాంటి గాజులు తనకీ ఉన్నాయి. పెరుగన్నం చూసింది, తనూ పెరుగన్నమే పెట్టేది. “మా అత్తగారికి బీపీ మాత్రండీ. మింగలేదని పొడిచేసి కలిపేదాన్ని” అంది. చేతి గాజులు పైకి తోసుకుంది. చివరికి, “ఈగ చూసిందంటున్నారుగా. ఏం మాత్ర వేశానో మరి. నేనే అయ్యుంటానండి” అంది. ఇన్స్‌పెక్టరు కాగితం పెడితే సంతకం చేసింది.

అది జరిగిన పదిహేడో రోజున హైమ సత్యలింగాన్ని పిలిచింది. మర్నాడు పదిగంటలకి మార్కెట్ యార్డు షెడ్డులో ప్రదర్శన. దానికి ముందు మొత్తం అరగంట దృశ్యాల అచ్చుకాగితాల మీదా పట్టినవాడి సంతకాలు కావాలి, తెర మీద వెయ్యకుండా కత్తిరించిన చివరి వాటి మీద కూడా. కట్ట ముందు పెట్టి ఆవిడ వేరే పని మీద వెళ్ళింది.

సత్యలింగం హుషారుగా ఒక్కో కాగితమూ తిప్పుతూ సంతకాలు గిలుకుతున్నాడు. చివరి కాగితం దగ్గర కలం ఆగింది.

సీసా గుండ్రం. ఆనపకాయ ముక్కు. అదే కన్ను. మొహం తనదే, సందేహం లేదు. కానీ ఆ మొహం కింద ఖాకీ చొక్కా లేదు. బనీను ఉంది. భుజం దగ్గర చిరిగి, రత్నం నల్లదారంతో కుట్టిన బనీను.

సత్యలింగం జన్మలో ఎన్నడూ బనీనుతో మీటరు రీడింగుకి వెళ్ళలేదు.

ఈగల విద్యలో ఒక దొంగపని ఉంది. ఎండిన ఈగకి మెడ దారప్పోగంత ఉంటుంది, అదిరితే తల ఊడుతుంది. ఊడిన తల ఎక్కడో దొర్లిపోతుంది. అప్పుడు తెలిసినవాళ్ళు చీటీ మీద ‘తల లేదు’ అని రాసి ఊరుకోవాలి. ఊరుకోబుద్ధి కానివాళ్ళు అదే జాతిదీ, అదే లింగానిదీ ఇంకో ఈగ తల తెచ్చి, సూదిమొనతో బొట్టు జిగురు పెట్టి అంటిస్తారు. ఫోటోలో తేడా దేవుడికి కూడా తెలీదు. మాట అతికినట్టు చెప్పడం సత్యలింగానికి పుట్టుకతో వచ్చింది, తల అతికినట్టు పెట్టడం పట్టుబట్టి నేర్చుకున్నాడు.

1174వ సర్వీసు ఈగ ఒళ్ళు మంగతాయారు గుమ్మంలోది. తల తన వంటింట్లోది. కళ్ళు ఉండేది తలలో.

“కళ్ళజోడు మర్చిపోయానండి, రేపు పెడతా సంతకం” అని హైమకి అబద్ధం చెప్పి, ముక్కు మీద కళ్ళజోడుతోనే ఇంటికొచ్చాడు.

రత్నం వసారాలో కూర్చుని పెసరపప్పులో రాళ్ళేరుతోంది. ఆయన ఎదురుగా పీట మీద కూలబడ్డాడు. మాటకి మాట అంటించే మనిషికి ఆ పూట ఒక్క మాటా అంటుకోలేదు.

“ఆ ఈగ తల మనింటిదే” అన్నాడు.

రత్నం చేట లోంచి చూపు ఎత్తలేదు. “తెలుసండి.”

“ఏం తెలుసు నీకు?”

“పేపర్లో వేశారుగా బొమ్మ. పదిహేడు రోజులైంది. నా చెయ్యి నాకు తెలీదాండీ?”

సత్యలింగం ఆ చేతి వంక చూశాడు. చూపుడువేలు కొస కొంచెం పక్కకి వంగి ఉంది, ఎప్పుడో రోట్లో నలిగి. బొమ్మలోనూ ఆ వంకర ఉంది. ఈగ మీసంలో పోచలు లెక్కపెట్టే మనిషి, ఇరవయ్యెనిమిదేళ్ళు తనకు అన్నం వడ్డించిన చెయ్యిని ఆనవాలు పట్టలేకపోయాడు. ఆ తెర మీద తెరుచుకున్న నోరు తన తల్లిదని పట్టలేకపోయాడు.

“మా అమ్మకి... నువ్వు... ఏం పెట్టావే?”

“నిద్రమాత్ర. సగం.” రత్నం ఒక రాయి ఏరి పక్కన పడేసింది. “ఎందుకని అడగరేం? అడగండి. మీరు మిద్దె మీద ఆ ఈగకి ఫోటో తీస్తున్నారు. నూటఅరవై ఫోటోలు తీసి ఒక్కటిగా కలపాలి, రెండు గంటలు ఇంట్లో ఎవరూ కదలకూడదన్నారు. చెక్క మిద్దె అదిరితే చెడిపోతుందన్నారు. అత్తయ్యగారికి మతి లేదు. పోయిన మామయ్యగారు పైన ఉన్నారనుకుని, ‘ఏవండోయ్, అన్నం చల్లారిపోతోంది’ అంటూ ఆ చెక్కమెట్లు ఎక్కుతూ దిగుతూ... నేను పట్టుకుంటే రక్కేసేది. మీకు గుర్తుందా?”

గుర్తుంది. ఎనభయ్యో ఫోటో దగ్గర మిద్దె అదిరింది. ఈగ తల ఊడి చెక్కల సందులోకి పోయింది. ఆయన మెట్ల మీదికొచ్చి అరిచాడు.

“ఏమని అరిచారో గుర్తుందా?” అంది రత్నం. “‘దీన్ని కదలకుండా చెయ్యి! ఏం చేస్తావో నాకు తెలీదు, ఇంకో రెండు గంటలు ఇది కదలకూడదు!’ అన్నారు. చేశాను. మీరు వంటింట్లోకొచ్చి నా పక్కనే నిలబడి ఈగని పట్టుకున్నారండి. ఆవిడ అప్పటికే ఒరిగిపోయింది. మీరు ఈగని చూశారు. ఆవిణ్ణి చూళ్ళేదు.”

“ఒక్కసారేనా?”

“ఆ రోజు ఫోటోకి బహుమతి వచ్చింది కదా. తర్వాత మీరు వారానికి రెండు తీశారు.”

సత్యలింగం తల్లి ఆ తర్వాత ఏడు నెలలు బతికింది. మెట్లెక్కడం మానేసింది, తర్వాత లేవడం మానేసింది, చివర్న ఛాతీలో నెమ్ము చేరి పోయింది. వయసు అన్నారు. ఆయనా అన్నాడు.

“మరి ఆ మంగతాయారుని తీసుకుపోతూంటే చెప్పలేదేం?”

“మీకూ మీ ఈగలకీ ఊరంతా దణ్ణాలు పెడుతోంది. నాకు భయమేసిందండి.” ఆవిడ మొదటిసారి తలెత్తింది. “రోజూ పొద్దున్నే ఇవాళ చెప్పేద్దామనుకునేదాన్ని. ఇవాళ మీరు చెప్పారు. రేపు అక్కడేం చెప్తారో మీ ఇష్టం. మీరు నిలబడి ‘ఈగ నాది, చీటీ నాది’ అన్నా సరే, నేను కదలను. కదలకుండా కూర్చోడం ఈ ఇంట్లో నాకలవాటే.”

మర్నాడు షెడ్డు కిక్కిరిసింది. మిరపకాయ బస్తాలు ఓ పక్కకి నెట్టి తెర కట్టారు. ముందు వరుసలో మాణిక్యం. పక్కన ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళ మధ్య మంగతాయారు, పద్ధెనిమిది రోజుల్లో పద్ధెనిమిదేళ్ళు మీద పడ్డట్టు. వెనకెక్కడో రత్నం. చుక్కలు కలిశాయి, మాత్ర నలిగింది, నోరు తెరుచుకుంది, తల వాలింది. జనం ఉస్సురన్నారు. హైమ మైకు సత్యలింగానికి అందించింది.

“ఈగ నాది” అన్నాడు సత్యలింగం. “చీటీ నాది. తల... తల దానిది కాదు.”

“ఏంటంటాడు?” అని ఎవరో అన్నారు. “తల తనది కాదంటాడ్రా!” ఇంకెవరో నవ్వారు. ఆయన జోకేశాడనుకుని వెనక వరుసలన్నీ నవ్వాయి. ఇన్నాళ్ళూ తను నవ్వించిన జనం, ఆపడం ఆయన వల్ల కాలేదు. నవ్వు దానంతటదే చచ్చేదాకా నిలబడి, అప్పుడు చెప్పాడు. ఒళ్ళు ఏ గుమ్మంలోదో, తల ఏ ఇంటిదో, ఎందుకు ఊడిందో, ఎలా అంటించాడో, ఆఖరి కాగితంలో తన ఒంటి మీద చొక్కా ఎందుకు లేదో. విడమరిచి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు.

హైమ మొహంలో నెత్తురు లేదు. ఆవిడ మాటకి మొదటిసారి ఫుల్‌స్టాపు పడింది. “ఇలా ఎన్నిటికి అంటించారు సార్?”

“గుర్తు పెట్టుకోలేదమ్మా. నలభయ్యో, యాభయ్యో. ఫోటోకి తీసినవన్నీ...”

షెడ్డు లేచిపోయింది. గోడ తగాదా తమ్ముడు బెంచీ ఎక్కాడు: “మా ఇంటి ఈగకి ఎవడి తలెట్టావురా?” పెళ్ళాం ఏడుపు చూసినాయన అక్కడే కూర్చుండిపోయాడు. ఇన్స్‌పెక్టరు బల్ల గుద్దాడు. ఆ గోల మీదుగా మాణిక్యం గొంతు చీల్చుకుంటూ వచ్చింది.

“అయితే ఆ చెయ్యెవరిదండీ? తల మీ ఇంటిదైతే ఆ చెయ్యెవరిది?”

సత్యలింగం నోరు తెరిచాడు. పేరు నాలిక దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. జనం వెనక్కి తిరిగి చూశారు. వెనక వరుసలో రత్నం చెయ్యి ఎత్తి నిలబడి ఉంది, బళ్ళో హాజరు పలికే పిల్లలా.

“చెయ్యి ఆవిడదేనండి” అన్నాడు సత్యలింగం మైకులో. “మాట నాది. మా అమ్మ నడిస్తే నా ఫోటో అదురుతోందని, కదలకుండా చెయ్యమన్నాను. అది ఏం చేసిందో నేను చూళ్ళేదు. పక్కనే ఉన్నా చూళ్ళేదు. ఈ మంగతాయారుకీ ఆ పెరుగన్నానికీ ఏ సంబంధమూ లేదు. అచ్చియ్యమ్మగారు ఎలా పోయారో ఈ ఈగకి తెలీదు, నాకూ తెలీదు. తెలీని దానికి చీటీ గుచ్చాను.”

ఇన్స్‌పెక్టరు ఆడ కానిస్టేబుళ్ళకి సైగ చేశాడు. వాళ్ళు మంగతాయారు భుజాల మీంచి చేతులు తీశారు. ఒకామె “వెళ్ళచ్చమ్మా” అంది. మంగతాయారు లేవలేదు. మాణిక్యం మొహం పక్కకి తిప్పుకుంది. మంగతాయారు తన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, అవి ఎవరివో పోల్చుకుంటున్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత మైకు దగ్గరున్న మనిషిని అడిగింది, మెల్లిగా, నిజంగా తెలియక అడిగినట్టు.

“అయితే మా అత్తగారిని నేను చంపలేదాండీ?”